సింగపూర్–న్యూయార్క్: నేరుగానా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానా?

సింగపూర్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయానికి అతి దగ్గరి గగనదూరం సుమారు 15,350 కి.మీ. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే దాదాపు 16,450. తేడా 1,100 కి.మీ. మాత్రమే, గాల్లో గంటంబావు. అసలు ఆలస్యమంతా నేల మీదే: దిగడం, ఇంధనం నింపడం, మళ్లీ ఎక్కడం. పైగా ఈ దారిలో పడమటికి వెళ్లేటప్పుడు జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి) ఎదురుగాలి అవుతుంది.

నేరు విమానానికి పద్దెనిమిదిన్నర గంటలకు అటూఇటూ పడుతుంది. ఇది తరచూ అతి దగ్గరి గీతను వదిలి పసిఫిక్ మీదుగా వెళ్తుంది. దూరం పెరిగినా వెనకగాలి కలిసొస్తుంది కదా!

అయితే సింగపూర్ ఎయిర్‌లైన్స్ నేరుగా నడిపే ఎ350-900 యూఎల్‌ఆర్‌ (అతి దూర ప్రయాణాలకు చేసిన ఎయిర్‌బస్ విమానం)లో 161 సీట్లే, అన్నీ బిజినెస్, ప్రీమియం ఎకానమీ. మామూలు ఎకానమీ కావాలంటే ఫ్రాంక్‌ఫర్ట్ దారే. కాళ్లు వాచేవాళ్లకూ అదే మేలు, మధ్యలో కాసేపు నడవొచ్చు.