అంబాసిడర్ ట్యాంకులో తుప్పుకి ఏది మేలు: యాసిడ్డా, బ్యాటరీ ఛార్జరా, నిమ్మ ఉప్పా?

బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా పాత అంబాసిడర్, పద్మినీ కార్లు ఉంచుకున్నవాళ్లు పదేపదే అడిగేది ఇదే: ట్యాంకులో తుప్పు రాలి కార్బురేటర్‌కి అడ్డం పడుతోంది, ఏం పోసి కడగాలి? 2014లో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది, కాబట్టి ఉన్న ట్యాంకునే కాపాడుకోవాలి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీలుస్తుంది. నెలల తరబడి కదలని బండిలో, సగం ఖాళీ ట్యాంకులో, గోపాలపురం వైపు ఉప్పుగాలికి తుప్పు పట్టక మానదు.

తుప్పు కరిగించే మందులు చాలా ఉన్నాయి. నేను ముందు చూసేది ఒక్కటే: పోసింది లోపలి అడ్డురేకుల వెనక్కి, అతుకుల్లోకి చేరాలి, పని అయ్యాక పూర్తిగా బయటికి రావాలి.

బాత్రూం యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్, ఇక్కడే ఓడిపోతుంది. పని త్వరగా అవుతుంది గనక షెడ్లలో దీన్నే పోస్తారు. తుప్పు అయిపోయాక అది రేకును తింటుంది, అతుకుల టంకాన్నీ వదలదు. అతుకుల మడతల్లో చిక్కుకున్న క్లోరైడు ఎన్నిసార్లు కడిగినా కొంత మిగులుతుంది. వానలు పడగానే తుప్పు మళ్లీ అక్కడే మొదలవుతుంది. దాని ఆవిరికి షెడ్డులోని పానాలు కూడా తుప్పు పడతాయి. దయచేసి పోయకండి.

ఛార్జరు పద్ధతి, అంటే బ్యాటరీ ఛార్జరుతో నీళ్లలో కరెంటు పంపి తుప్పు వదిలించడం, రేకుకి హాని చేయదు. ట్యాంకు నిండా నీళ్లు పోసి, లీటరుకు 5 గ్రాముల వాషింగ్ సోడా కలిపి, ట్యాంకుకి ఎక్కడా తగలకుండా ఇనుప కడ్డీ వేలాడదీయాలి. ఛార్జరు నెగెటివ్ ట్యాంకుకి, పాజిటివ్ కడ్డీకి. తారుమారైతే కరిగేది ట్యాంకే. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వద్దు, దాని నుంచి విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ పుడుతుంది కనుక ఆరుబయటే చేయాలి. అడ్డురేకులు లేని బైకు ట్యాంకుకి ఇది చాలా మంచిది. కారు ట్యాంకులో కడ్డీకి ఎదురుగా ఉన్న మేరకే శుభ్రమవుతుంది, రేకుల చాటున తుప్పు అలాగే ఉంటుంది.

అందుకే కారుకి నా ఓటు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పుకే, అంటే సిట్రిక్ యాసిడ్‌కే. లీటరుకు 50 గ్రాములు, అంటే 50 లీటర్ల ట్యాంకుకి రెండున్నర కిలోలు. ట్యాంకును బండి నుంచి దించి, పెట్రోలు వాసన పోయేదాకా సబ్బుపొడి, వేడినీళ్లతో కడగండి. గేజి ఫ్లోటు తీసేసి, ఆ రంధ్రాన్ని రేకు, రబ్బరు గాస్కెట్‌తో మూయండి. పెచ్చులు కట్టి ఉంటే గుప్పెడు నట్లు వేసి ఊపండి, వేసినవన్నీ బయటికొచ్చాయో లెక్క చూసుకోండి. కంకర వేస్తే అడ్డురేకుల వెనక ఇరుక్కుంటుంది. తర్వాత గోరువెచ్చని ద్రావణం అంచుదాకా పోయాలి, తక్కువైతే పైరేకు తుప్పుతోనే మిగులుతుంది. 12 గంటల తర్వాత టార్చి వేసి చూడండి. లోపల బూడిదరంగు తేలితే పారబోయండి, లేకపోతే ఇంకో 12 గంటలు. అంతకు మించి ఉంచితే ఇదీ ఇనుమును తింటుంది.

అసలు కష్టం ఆ తర్వాతే. ఇక్కడి గాలిలో తడి ఇనుము చూస్తుండగానే ఎర్రబడుతుంది. అందుకని సరంజామా అంతా ముందే పక్కన పెట్టుకోండి. పది లీటర్ల నీళ్లలో 200 గ్రాముల వంటసోడా కలిపి తిప్పి పారబోయండి, మంచినీళ్లతో కడగండి, వెంటనే లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి అన్ని వైపులా తిప్పి వంచేయండి. అది మిగిలిన నీటిని తనతో తీసుకుపోతుంది. నిప్పుకు దూరంగా, ఆరుబయట కంప్రెసర్ గాలి పట్టండి. టైర్ల షాపు కంప్రెసర్ అయితే దాని అడుగున చేరిన నీళ్లు ముందు వదిలేయాలి, లేకపోతే ఆ నీళ్లే ట్యాంకులోకి కొడతాయి. ఆరగానే లీటరు పెట్రోలులో 100 మి.లీ. 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) కలిపి లోపలంతా తడపండి. వానాకాలం వద్దు, మాఘమాసపు ఎండ మంచిది.

మొలాసిస్ (చెరకు మడ్డి) ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు కూడా పనిచేస్తుంది, వారం పైనే పడుతుంది, కంపు. వెనిగర్ బలం చాలదు. ఫాస్ఫారిక్ యాసిడ్ మంచిదే, ఖర్చు ఎక్కువ.

లోపల ఎపాక్సీ పూత వేయించమంటారా అని కూడా అడుగుతున్నారు. రేకు గట్టిగా ఉంటే వద్దు. ఒక్క చోట తడి మిగిలినా పూత పొరలుగా లేచి పెట్రోలు పైపుకు అడ్డం పడుతుంది. సూది బెజ్జాలుంటే రేడియేటర్ షాపులో టంకం పెట్టించండి, ఎంత కడిగినా ఖాళీ ట్యాంకుకి మంట చూపనివ్వకండి. బిగించేటప్పుడు పాత రబ్బరు పైపులు తీసేసి ఇథనాల్‌కి తట్టుకునేవి వేయండి. పంపుకి ముందు పారదర్శక ఫిల్టరు పెట్టి, మొదటి ట్యాంకు పెట్రోలు అయిపోగానే దాన్ని మార్చేయండి.