పండగ పీటలకు టేకా, కొబ్బరి మానా?

సంక్రాంతికి అక్కా బావగారూ పిల్లలతో వస్తారు. ఈసారి బట్టలతో పాటు నా చేత్తో చేసిన పీటలు కూడా ఇద్దామనుకున్నాను. మాది అమలాపురం దగ్గర. గాలివానకు పడిన కొబ్బరి చెట్టు ఒకటి దొడ్లోనే ఉంది. టేకయితే అడితిలో కొనాలి.

టేకుతో పని హాయి. చిత్రిక పడుతుంటే పొట్టు పల్చగా, చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. చెక్కలోనే నూనె ఉంటుంది కాబట్టి చెదల భయం తక్కువ, వంకర పోవడం కూడా తక్కువే. ధర వింటేనే గుండె గుభేలుమంటుంది.

కొబ్బరి మాను ఖర్చు లేనిదే గానీ తిక్కది. దానికి మిగతా చెట్లలా వయసు వలయాలుండవు. బెరడు వైపు చెక్క రాయిలా ఉంటుంది, మధ్యకు వెళ్లేకొద్దీ బెండులా మెత్తబడుతుంది. ఇది తెలియక నేను మధ్య ముక్కతో ఒక పీట చేశాను. బావగారు కూర్చోగానే మేకులు ఊడొచ్చాయి! (ఆ పీట ఇప్పుడు కోళ్లగూటికి తలుపు.) మొదలు దగ్గర, బెరడు వైపు చెక్కే తీసుకోవాలి, బాగా ఆరనివ్వాలి. పచ్చిగా ఉంటే బూజు పడుతుంది. ఉలి మాటిమాటికీ నూరక తప్పదు. కానీ అవిసె నూనె రాశాక తేలే ఆ నల్లటి చారల అందం టేకుకు లేదు.

అందుకే అమ్మ పూజ పీట ఒక్కటీ టేకుతో చేస్తున్నా. పిల్లలవి కొబ్బరివే.