మట్టిలో దింపి నేర్పే ఆర్కిటెక్చర్ వర్క్‌షాప్: నా రివ్యూ
ఆర్కిటెక్చర్ చదివేవాళ్లు ఇలాంటి వర్క్‌షాప్‌లో ఒక్కసారైనా చేరాలి, కానీ సర్టిఫికెట్ కోసమే అయితే వద్దు, ఎందుకంటే ఇక్కడ ఎండలో నిలబడి మట్టి జల్లెడ పట్టాల్సిందే. ఊరివాళ్ల కోసం మాతో మట్టి ఇటుకలతో ఒక చిన్న చదువుకునే గది కట్టించారు. గాజు సీసాలో మట్టి, నీళ్లు పోసి బాగా కుదిపి వదిలేస్తే అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, పైన బంకమన్ను పొరలుగా పేరుకుంటాయి, ఆ పొరల మందం చూసి ఇటుకలకి ఇంకెంత ఇసుక కలపాలో అంచనా వేయడం నేర్పారు. 5 నుంచి 8 శాతం సిమెంట్ కలిపి మెషీన్‌లో నొక్కిన ఇటుకలవి. బట్టీలో కాల్చే పని లేదు, కాకపోతే తడి ఆరిపోకుండా వారాల తరబడి కాపలా కాయాలి. ఈ విసుగు గురించి క్లాసులో ఎవరూ చెప్పరు!

నాకు బాగా నచ్చింది మేస్త్రీ గారు. మట్టి గోడకి వాన జల్లు తగలకూడదంటే చూరు ఎంత బయటికి రావాలో గోడ పక్కన నిలబెట్టి మరీ చూపించారు.

అమెరికాలో ఆబర్న్ యూనివర్సిటీ వాళ్ల రూరల్ స్టూడియో అనే ఆర్కిటెక్చర్ ప్రోగ్రామ్ 1993 నుంచి అలబామా రాష్ట్రం పల్లెల్లోనే ఉండి విద్యార్థులతో ఇళ్లు, భవనాలు కట్టిస్తోంది. ఈ వర్క్‌షాప్‌లో మాత్రం అంత తీరిక లేదు, నా కంప్లయింట్ అదే. ఊరివాళ్లతో కూర్చుని మాట్లాడే టైమే దొరకలేదు, రేపు గోడ పూత లేచిపోతే ఎవరు వేస్తారని అడిగితే నిర్వాహకుల దగ్గర జవాబు లేదు. గ్లవ్స్, బూట్లు మీరే తెచ్చుకోండి, వాళ్లిచ్చేవి సరిపోవు. 5కి 4.