భయపడే పిల్లికి తిండి: అల్మారా మీద పెట్టాలా, తలుపేసి పెట్టాలా?

మా ఇంట్లో మూడు పిల్లులు. గుండుగాడు, చిట్టి ఒకే ఈత పిల్లలు. మెట్ల కింద దొరికిన మల్లి ఆఖర్న వచ్చింది. అది తినే తీరు చూస్తే జాలేసేది. ఒక్క ముక్క నోట కరుచుకుని, వెనక్కి ఓసారి చూసి, మంచం కిందికి పరుగు. గుండుగాడు దాన్ని కొట్టడు, గుర్రుమనడు. గుమ్మంలో కూర్చుని రెప్పవేయకుండా చూస్తాడంతే. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. మా ఇంట్లో ఎలుక కూడా పిల్లే.

అసలు పిల్లి ఒంటరిగా వేటాడే జంతువు. ఎలుకంత ముద్దలు రోజుకు పదీ పదిహేనుసార్లు, పక్కన ఎవరూ లేకుండా తినడం దానికి అలవాటు. మనమేమో మూడు గిన్నెలు వరసగా పెట్టి, పంక్తి భోజనం పెట్టినట్టు మురిసిపోతాం.

నేను మొదట చేసింది గిన్నె దూరం జరపడం. హాల్లో ఓ మూలకు పెట్టాను. మూలైతే భద్రంగా ఉంటుందనుకున్నా గానీ, గోడవైపు తిరిగి తినాలంటే వీపు గదివైపు ఉంటుంది, వెనక ఎవరొస్తున్నారో కనిపించదు. గిన్నెను గోడకు కాస్త ఎడంగా జరిపాక మల్లి గోడకు ఆనుకుని, గుమ్మానికి ఎదురుగా నిలబడి తినడం మొదలెట్టింది. పైసా ఖర్చులేని మార్పు. కాకపోతే రెండు నిమిషాల్లో తన గిన్నె నాకేసి గుండుగాడు హాజరు.

తర్వాత అల్మారా. పిల్లికి ఎత్తు ధైర్యం అన్నది నిజమే, పైనుంచి ఇల్లంతా కనిపిస్తుంది. మీ ఇంట్లో పెత్తనం చేసేది ముసలిదో, బాగా లావెక్కిందో అయితే ఇక్కడితో ఆగిపోవచ్చు, అది ఎలాగూ ఎక్కలేదు. మావాడు లావే గానీ ఎక్కుతాడు. ఎక్కడానికీ దిగడానికీ ఉన్నది ఒక్క స్టూలే. వాడు దాని మీద కూర్చుంటే పైనున్న మల్లి ఇరుక్కుపోయినట్టే. రెండో పక్క నుంచి దిగే దారి లేని ఎత్తు, నా లెక్కలో బోనుతో సమానం. చీమల గోల సరేసరి. గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో పెడితే ఆ బాధ తప్పింది. ఫ్రిజ్ మీద మాత్రం వద్దు, మోటారు ఆన్ అయినప్పుడల్లా ఉలిక్కిపడుతుంది.

మెడ దగ్గర చర్మం కింద బియ్యపుగింజంత చిప్ వేయించి, ఆ చిప్ ఉన్న పిల్లికే మూత తెరుచుకునే గిన్నెలూ ఉన్నాయి. వేలల్లో ఖర్చు. కిడ్నీ జబ్బుకు వేరే తిండి తినాల్సిన పిల్లి ఉన్న ఇంట్లో అది బంగారం. కానీ ఆ మూత కాపాడేది తిండిని, తినేదాన్ని కాదు. పక్కనే నిలబడి గుడ్లురిమి చూసేవాణ్ణి ఏ మూతా ఆపలేదు. పైగా మూత కదిలే చప్పుడుకే బెదిరే పిల్లులున్నాయి. నేను కొనలేదు.

చివరికి మా ఇంట్లో నెగ్గింది మామూలు తలుపు. చిన్న బెడ్రూంలో పొద్దున, రాత్రి ఇరవై నిమిషాలు. మొదటిరోజు తొందరపడి మల్లిని ఎత్తుకెళ్లి తలుపేస్తే, తిండి ముట్టకుండా తలుపు గీరుతూ కూర్చుంది. నాదే తప్పు. ఆ తర్వాత నాలుగైదు రోజులు తలుపు తీసే ఉంచి, మిగతా రెంటికీ వంటింట్లో పెట్టాను. తనంతట తానే లోపలికి రావడం అలవాటయ్యాక కొంచెం కొంచెంగా మూశాను. గుండుగాడు తలుపు కింది సందులోంచి పంజా దూర్చి వెతికేవాడు. మల్లి నములుతున్నదల్లా ఆగిపోయి, ఆ పంజానే చూస్తుండేది. పాత టవల్ చుట్టి సందు మూసేశాను. తడి తిండిని కాస్త గోరువెచ్చగా పెడితే వాసన పెరిగి ఇంకా బాగా తింటుంది. రెండు నెలల్లో బరువు 2.6 కిలోల నుంచి 3.1కి వచ్చింది.

దీంతో ఇబ్బంది ఒక్కటే, మనం రెండు పూటలా ఇంట్లో ఉండాలి. అందుకే మధ్యాహ్నానికి గుప్పెడు పొడి క్యాట్‌ఫుడ్ గింజలు అల్మారా మీదే వేస్తున్నాను, స్టూలుకు అవతలి పక్క ఓ పాత టేబుల్ చేర్చి.

వీటన్నిటికన్నా ముందు ఒక్కటి తేల్చుకోండి. గిన్నె దాకా వచ్చి, వాసన చూసి వెనక్కి పోతుంటే అది భయమే కాకపోవచ్చు, పన్నునొప్పికీ పిల్లులు అలాగే చేస్తాయి. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకు చూపించాల్సిందే. రెండు మూడు రోజులు పస్తుంటే, ముఖ్యంగా లావు పిల్లికి, లివర్‌లో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. జాలిపడి మన కూరన్నం కలిపి పెట్టొద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం.

మరి తలుపేయడానికి రెండో గదే లేకపోతే? బాత్రూం వద్దు, తడి, ఫ్లష్ చప్పుడు. దానికన్నా పెద్ద అట్టపెట్టె బోర్లించి, లోపల గిన్నె పెట్టడం నయం. బయటున్నవాడి చూపు పడదు. కన్నాలు మాత్రం రెండు వైపులా చేయండి. ఒక్కటే చేస్తే, గుండుగాడిలాంటివాడు సరిగ్గా దానికి ఎదురుగానే కూర్చుంటాడు.