గిఫ్ట్ కార్డు అమ్ముతున్నారా? వీడియో కాల్‌లో మెయిల్ చూపించమంటే చూపించకండి

టెలిగ్రామ్‌లో గిఫ్ట్ కార్డులు కొని అమ్మే ఆ తెలుగు గ్రూపు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పేరు రాయడం లేదు. అక్కడ కార్డు పెట్టబోయేవాళ్లు ముందు ఇది చదవండి.

ఈ దీపావళికి మా కంపెనీ బోనస్ బదులు 10,000 రూపాయల గిఫ్ట్ కార్డు ఇచ్చింది. మాకు కావాల్సింది షాపింగ్ కాదు, పాప హాస్టల్ ఫీజు. ఆ కార్డులోంచి నగదు తీసుకునే వీలు లేదు. అందుకే జనం కాస్త తగ్గించుకుని అమ్ముకుంటారు. ఒకతను 9,300 ఇస్తానన్నాడు. గ్రూపు అడ్మిన్ మధ్యవర్తిగా ఉంటానని 200 ముందే తీసుకున్నాడు.

కొనేవాడు వీడియో కాల్ చేశాడు. "అన్నా, దొంగ కార్డులు ఎక్కువైపోయాయి. కంపెనీ నుంచి వచ్చిన మెయిల్ ఒక్కసారి చూపించు, బ్యాలెన్స్ చూసుకోగానే డబ్బు వేసేస్తా" అన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు, పాప ఏం చదువుతోందని కూడా అడిగాడు. మెయిల్ తెరిస్తే 16 అంకెల నంబరు, దాని కిందే పిన్. వాడికి కావాల్సింది ఆ రెండు క్షణాలే. బ్యాలెన్స్ పేజీలో 10,000 కనిపించింది. "వేస్తున్నా అన్నా" అని యూపీఐ స్క్రీన్‌షాట్ పంపాడు. నా బ్యాంకు నుంచి మెసేజ్ రాలేదు. అడిగితే సర్వర్ స్లో అన్నాడు.

కాసేపటికి మళ్లీ వాడే ఫోన్ చేశాడు. అంతసేపూ అన్నా, అన్నా అన్నవాడు "ఏరా, వాడేసిన కార్డు అంటగడతావా? బ్యాలెన్స్ సున్నా చూపిస్తోంది. నా డబ్బు తిరిగి వెయ్యి, లేకపోతే నీ మీద సైబర్ క్రైమ్‌లో కేసు పెడతా" అని అరిచాడు. పక్క గదిలో ఉన్న అమ్మకు కూడా వినిపించింది. రాని డబ్బు తిరిగి వెయ్యాలట! నా కార్డు దోచుకుని నన్నే దొంగను చేశాడు. పోయిన పది వేలకన్నా ఆ మాటకే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

అడ్మిన్‌కి చెబితే వాడి స్క్రీన్‌షాటే నమ్మాడు. నా బ్యాంకు స్టేట్‌మెంట్ పెడితే చూడకుండానే నన్ను గ్రూపులోంచి తీసేశాడు. ఇద్దరూ కలిసే చేస్తున్నారని నా అనుమానం. ఈలోపు కొనేవాడు చాట్ మొత్తం ఇద్దరి వైపూ డిలీట్ చేసేశాడు, టెలిగ్రామ్‌లో అది కుదురుతుంది. మా తమ్ముడు పక్కనే ఉండి స్క్రీన్‌షాట్లు తీస్తుండబట్టి ఆధారాలు మిగిలాయి.

కార్డు కంపెనీ కస్టమర్ కేర్‌వాళ్లు కార్డు వేరే ఖాతాలో యాడ్ అయిందన్నారు. ఆ ఖాతా ఎవరిదో పోలీసులు అడిగితేనే చెబుతారట. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టాను.

డబ్బు చేతికొస్తే అయిపోయినట్టే అనుకోకండి. మా ఆఫీసులో ఒకతను ఇలాగే కార్డు అమ్మాడు, మొత్తం డబ్బూ వచ్చింది. తర్వాత తెలిసింది, ఆ డబ్బు వేరే రాష్ట్రంలో ఎవరి ఖాతాలోంచో కొట్టేసినదని. అక్కడ ఫిర్యాదు నమోదవడంతో ఇక్కడ ఇతని జీతం ఖాతాలో ఆ మొత్తాన్ని బ్యాంకు హోల్డ్‌లో పెట్టింది. తాను అమ్మింది కార్డేనని చూపించడానికి మెయిళ్లు, చాట్లు పట్టుకుని ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

తెలియనివాళ్లకు అమ్మకండి. దానితో ఇంటికి కావాల్సిన సరుకులే కొనుక్కోండి, లేదా చుట్టాల్లో ఎవరైనా ఏదైనా కొంటుంటే వాళ్ల ఆర్డరు మీ కార్డుతో పెట్టి డబ్బు తీసుకోండి. స్క్రీన్‌షాట్‌ను నమ్మొద్దు, మీ బ్యాంకు యాప్‌లో డబ్బు కనిపించేదాకా పిన్ ఎవరి కంటా పడనివ్వకండి. మోసపోతే గంటల్లోనే 1930కి చెప్పండి.

ఆ గ్రూపులో ఇలాగే నష్టపోయినవాళ్లు ఉంటే ఫిర్యాదు నంబరుతో నాకు మెసేజ్ పెట్టండి. అన్నీ కలిపి స్టేషన్‌లో ఇస్తాను.