పెళ్లి డీవీడీని కుదించాలంటే ఏ సాఫ్ట్‌వేర్ మేలు?

రెండు పొరలుండే డబుల్ లేయర్ డిస్కులో 8.5 జీబీ పడుతుంది. విజయవాడ బీసెంట్ రోడ్డులో అడిగినా, గుంటూరు బ్రాడీపేటలో అడిగినా చేతికిచ్చే మామూలు ఖాళీ డిస్కులో పట్టేది 4.7 జీబీ. 1000కి బదులు 1024 లెక్కన కంప్యూటర్ దాన్ని 4.38గా చూపిస్తుంది. పాత పెళ్లి డిస్కు డబుల్ లేయరుదైతే కుదింపు తప్పదు.

ఈ పనికి ఇప్పటికీ డీవీడీ ష్రింకే మేలు. 2004 తర్వాత కొత్త వెర్షన్ రాకపోయినా ఫర్వాలేదు. ఇది వీడియోను మొదటినుంచి మళ్లీ తయారుచేయదు, ఉన్న ఎంపెగ్-2 (డీవీడీ వీడియో ఉండే రూపం)లోనే వివరాలు తగ్గిస్తుంది. అందుకే త్వరగా అయిపోతుంది. డిస్కు తెరవగానే పక్కన శాతం కనిపిస్తుంది. అది తగ్గించేది కాదు, మిగిలేది. 80 ఉంటే నిశ్చింతగా కానివ్వండి. 65 కంటే దిగితే తలంబ్రాల దగ్గర దొరికిపోతుంది: రాలే బియ్యపు గింజలు, పట్టుచీర జరీ గళ్లుగళ్లుగా విడిపోతాయి. ఫ్రేము ఫ్రేముకీ అంతా మారిపోయే చోట బిట్లు (బొమ్మకు దక్కే డేటా) చాలవు. ముందు అక్కర్లేని ఆడియో ట్రాకులు తీసేయండి. 'డీప్ అనాలిసిస్' టిక్ పెట్టండి. సమయం దాదాపు రెట్టింపవుతుంది గానీ కష్టమైన సీన్లకు బిట్లు ఎక్కువ దక్కుతాయి. అప్పటికీ శాతం పెరగకపోతే ముహూర్తం ఒక డిస్కులో, రిసెప్షన్ ఇంకో డిస్కులో పెట్టుకోవడం నయం. పెళ్లి మళ్లీ తీయలేం కదా.

డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసే ఐఎస్ఓను, ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేయకండి. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి మధ్యలో ఎర్రర్ వస్తుంది.

ఫోన్‌లో తీసిన ఎంపీ4లను డీవీడీ ష్రింక్ అసలు తెరవదు. వాటికి డీవీడీ స్టైలర్. పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) ఎంచుకుని బిట్‌రేటు, అంటే సెకనుకు వాడే డేటా, ఆటోలో ఉంచితే డిస్కుకు సరిపడా లెక్క అదే వేసుకుంటుంది. రెండు గంటలకు ఆడియోతో కలిపి సెకనుకు 5 మెగాబిట్ల పైచిలుకు వస్తుంది, బొమ్మ బాగుంటుంది. మూడు గంటలు కుక్కితే 3.5 కూడా రాదు.

వీడియోను ఎంపీ4గా మార్చే హ్యాండ్‌బ్రేక్‌తో డిస్కు చేద్దామనుకుంటే మాత్రం దెబ్బతింటారు. అది ఇచ్చే ఎంపీ4ను పాత ప్లేయర్లు చాలావరకు చదవవు. వాటికి కావలసింది డీవీడీ ఫైళ్లుండే వీడియో_టీఎస్ ఫోల్డరు. టీవీ యూఎస్‌బీలో చూడటానికైతే హ్యాండ్‌బ్రేకే మంచిది: ఆర్ఎఫ్ (నాణ్యత అంకె) 20, అడ్డగీతలు పోగొట్టే డీఇంటర్లేస్ ఆన్.

డిస్కు మీద రాయడానికి ఇమ్‌గ్‌బర్న్ చాలు. దాని కొన్ని ఇన్‌స్టాలర్లతో అక్కర్లేని ప్రోగ్రాములు అంటుకొస్తాయి, ఆ టిక్కులు తీసేయండి. 16ఎక్స్ వేగం డిస్కునైనా 8ఎక్స్‌లోనే రాయండి, రాసింది సరిగా ఉందో చూసే 'వెరిఫై' వదలొద్దు. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి యూపీఎస్ లేనిదే మొదలుపెట్టకండి. ఒక్కసారే రాయగలిగే డీవీడీ-ఆర్ సగంలో ఆగిందంటే ఆ డిస్కు ఇక పారేయడమే.