డిక్కీ తెరవమంటే వారెంటు అడగాలా, వీడియో అడగాలా?

చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా బెంగళూరుకు వెళ్లినా, నగరి మీదుగా చెన్నైకి వెళ్లినా ఎక్కడో ఒకచోట పోలీసులు బండి ఆపవచ్చు. గంజాయి, ఎర్రచందనం, పక్క రాష్ట్రం మద్యం వీళ్లు వెతికేవి. డిక్కీ తెరవమన్నప్పుడు కొందరు వారెంటు చూపించమని అడ్డం నిలబడతారు. ఇంకొందరు తెరిచి, వీడియో తీస్తూ చూడమంటారు. రెండోదే మేలు.

ఆపడం వరకు వాదన అనవసరం. యూనిఫాంలో ఉన్న ఎస్‌ఐ, ఆపై అధికారి ఆపమంటే ఆపాలి (మోటారు వాహనాల చట్టం 132). లైసెన్సు మాత్రం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అడిగినా చూపాలి, డిజిలాకర్‌లోది సరిపోతుంది. అయితే కాగితాల తనిఖీ వేరు, సోదా వేరు. సోదాకు అనుమానించే కారణం ఉండాలి.

వారెంటు పట్టు ఎందుకు నిలవదంటే, గంజాయి అనుమానం ఉంటే మత్తుపదార్థాల (ఎన్‌డీపీఎస్) చట్టం 43, 49 సెక్షన్లు వారెంటు లేకుండానే రోడ్డు మీద బండి ఆపి చూడనిస్తాయి. పైగా సోదా అక్రమమైనా, దొరికిన వస్తువు ఆ ఒక్క కారణంతో సాక్ష్యం కాకుండా పోదని పూరన్ మల్ కేసులో 1973లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అక్రమ సోదాలో దొరికినదాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదన్న మినహాయింపు సూత్రం అమెరికాలో 1914 నుంచి ఫెడరల్ కేసుల్లో, 1961 నుంచి రాష్ట్రాల కేసుల్లోనూ ఉంది, మనకు లేదు. అడ్డుకున్నందుకు మిగిలేది పోలీసు విధులకు ఆటంకం కేసే.

వీడియో సంగతి అలా కాదు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 105 ప్రకారం ఒక స్థలం సోదా, స్వాధీనం, జాబితా రాయడం, సాక్షుల సంతకాలు అన్నీ రికార్డు చేసి మేజిస్ట్రేటుకు పంపాలి. ఆ చట్టంలో ‘స్థలం’ అంటే వాహనం కూడా. "సార్, దేనికోసం చూస్తున్నారు? వీడియో తీస్తూ చూడండి" అని మర్యాదగా అడగండి. డిక్కీ మీరే తెరిచి, చేతులు కనబడేంత దగ్గరలో నిలబడండి. ఏదైనా తీసుకుంటే పంచనామాలో వస్తువు, సంఖ్య, దొరికిన చోటు ఉన్నాయో లేదో చదివాకే సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద ఎప్పుడూ వద్దు, తర్వాత అందులో ఏం రాసినా అది మీ సంతకమే. స్వాధీనం జాబితా నకలు అక్కడే అడగండి.

గంజాయి అనుమానంతో ఒళ్లు తడమబోతే గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట చేయించుకునే హక్కు ఉందని వాళ్లే ముందుగా చెప్పాలి (ఎన్‌డీపీఎస్ సెక్షన్ 50). ఈ రక్షణ ఒంటికే, బ్యాగుకూ బండికీ వర్తించదు. ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలి.

అలిపిరిలో ఈ లెక్కలేవీ పనికిరావు. తనిఖీ లేకుండా కొండ మీదికి వదలరు. మద్యం, మాంసం, సిగరెట్లు కిందే వదిలేయాలి.

స్టేషన్‌కు రమ్మంటే అరెస్టు చేశారా అని సూటిగా అడగండి. చేస్తే రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం కారణం చెప్పాలి, లాయరును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అరెస్టు మెమోలో స్టేషన్‌కు చేరిన సమయం కాకుండా, రోడ్డు మీద మిమ్మల్ని నిలిపేసిన సమయం వేశారో లేదో చూసుకోండి. 24 గంటలు దాటాయా లేదా అన్న వాదన రేపు కోర్టులో ఆ అంకె మీదే నడుస్తుంది.